మూడోసారి అడిగేదాకా

ఎవరింటికైనా వెళ్ళినప్పుడు భోజనం చేస్తావా అని అడిగితే వెంటనే సరేననకూడదని మా అమ్మ నేర్పింది. మొదటిసారి ‘వద్దండీ’ అనాలి. రెండోసారి ‘ఇప్పుడే తినొచ్చాను’ అనాలి. మూడోసారి వాళ్ళు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాక, ఇక కాదనలేనట్టు మొహం పెట్టి తినాలి. గుంటూరులో ఈ పద్ధతి అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ పస్తుండేవారు కాదు. డెట్రాయిట్ పక్కనున్న ఫార్మింగ్టన్ హిల్స్‌లో మాత్రం ఇది నాకొక్కదానికే తెలుసు.

డెబ్బైల చివర్లో అక్కడి ఒక నర్సింగ్ హోమ్‌వాళ్ళు నన్ను ఉద్యోగానికి పిలిపించుకున్నారు. నర్సింగ్ హోమ్ అంటే మన దగ్గర ఉండే చిన్న ఆసుపత్రి కాదు, చేసేవాళ్ళు లేని ముసలివాళ్ళు చివరిదాకా ఉండే చోటు. పనికి మనుషులు దొరకడంలేదు, బయటి దేశాల నుంచి నర్సులను తెప్పిద్దామని అక్కడి హెడ్ నర్సు పైవాళ్ళతో పోట్లాడి ఒప్పించారట. ముందు ఒకరిని తెప్పించి చూద్దాం, ఆ అమ్మాయి నిలబడితే మిగతావాళ్ళ సంగతి ఆలోచిద్దాం అన్నారట వాళ్ళు. ఆ ఒకరు నేను. నాతో చదువుకున్న స్నేహితురాళ్ళిద్దరు గుంటూరులో పాస్‌పోర్టులు పట్టుకుని నా కబురు కోసం కాచుక్కూర్చున్నారు.

ఆ హెడ్ నర్సే ఎయిర్‌పోర్టుకు వచ్చారు. నా పల్చటి స్వెట్టర్ చూసి, వెంట తెచ్చిన కోటు అక్కడే తొడిగారు. అపార్ట్‌మెంట్ దొరికేదాకా తన ఇంట్లోనే ఉండమన్నారు. భర్త పోయి, కూతురికి పెళ్ళయి, ఆవిడ ఒక్కరే ఉండేవారు. పేరుతో పిలవమన్నారు గానీ తల్లి వయసు మనిషిని పేరు పెట్టి పిలవడానికి నాకు నోరు రాలేదు. నాకు ఎప్పటికీ ఆవిడ మేడమే.

ఇంటికి చేరేసరికి వంటగదిలో కోడి కాల్చిన వాసన వస్తోంది. ఆకలిగా ఉందా అని అడిగారు. అబ్బే, ఏం లేదు మేడమ్ అని, రెండో ప్రశ్నకు జవాబు మనసులో సిద్ధం చేసుకుంటున్నాను. ఆవిడ సరే, అలసిపోయి ఉంటావు, పడుకో అంటూ ఆ కోడిని రేకు కాగితంలో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టేశారు. ఆ ఫ్రిజ్ తలుపు మూసుకున్న చప్పుడు నాకిప్పటికీ గుర్తే.

మర్నాడూ అదే వరస. టిఫిన్ తింటావా? వద్దు మేడమ్. అయిపోయింది. ఇంట్లో ఏం కావాలన్నా తీసుకో అని పాపం ఆవిడ చెప్పనే చెప్పారు. కానీ పరాయివాళ్ళ వంటగదిలోకి వెళ్ళి మన చేత్తో మనం తీసుకుని తింటే మా వైపు దాన్ని చనువనరు, ఇంకో మాట అంటారు. కొట్టుకెళ్దామంటే కారు లేదు, మోకాళ్ళ దాకా మంచు. నర్సింగ్ హోమ్‌లో ఎవరి డబ్బా వాళ్ళు తెచ్చుకునేవారు. స్టాఫ్ రూమ్‌లో అందరికోసం పెట్టిన బిస్కెట్లూ టీయే నా ప్రాణం నిలబెట్టాయి. అడగందే అమ్మైనా పెట్టదంటారు గానీ మా అమ్మ అడక్కుండానే పెట్టేది. అదే నా కొంప ముంచింది.

అక్కడ నర్సుగా పనిచెయ్యాలంటే రాయాల్సిన స్టేట్ బోర్డు పరీక్ష పాసయ్యేదాకా నన్ను సహాయకురాలి పనికి పెట్టారు. ఒళ్ళు తుడవడం, బట్టలు మార్చడం, అన్నం తినిపించడం. గుంటూరు ఆసుపత్రిలో ఇవన్నీ రోగి తాలూకు మనుషులే చేసేవారు. నాకు కష్టమనిపించలేదు. కానీ తినిపించేటప్పుడు ఆ స్పూన్ వంక చూడకుండా ఉండటం కష్టమయ్యేది. ఒకరోజు ఒక పెద్దాయన్ని మంచం మీద పక్కకు తిప్పుతూ కళ్ళు తిరిగి కింద కూలబడ్డాను.

మేడమ్ నన్ను తన గదిలోకి తీసుకెళ్ళి తలుపేశారు.

“నిజం చెప్పు. నీకేమైనా జబ్బుందా? లేక గర్భవతివా? నువ్వీ పని చెయ్యగలవో లేదో పైవాళ్ళకి ఇవాళ నేను చెప్పాలి.”

మొహమాటానికి పోతే కడుపయిందని సామెత. నాకేమో కడుపు మాడింది. గుంటూరులో కూర్చున్న ఆ ఇద్దరూ కళ్ళముందు కనపడ్డారు. ఇక సిగ్గు విడిచి చెప్పేశాను.

“ఆకలేస్తోంది మేడమ్.”

ఆవిడకు అర్థం కాలేదు. “రోజూ అడుగుతూనే ఉన్నాను కదా?”

“ఒక్కసారే అడిగారు.”

తర్వాత ఏడుస్తూ మా అమ్మ నేర్పిన పద్ధతంతా చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. తన లంచ్ డబ్బా నా ముందుకు జరిపి, నేను తినడం అయ్యేదాకా ఎదురుగా కూర్చున్నారు. ఉప్పూకారం లేని చీజ్ శాండ్‌విచ్. ఆకలి రుచెరగదంటారు, నిజమే. నేను తింటూండగానే ఆవిడ పైవాళ్ళకి ఫోన్ చేశారు. అమ్మాయికి జబ్బేమీ లేదు, మా ఇంట్లో ఉంటోంది, తిండి సంగతి నేనే సరిగ్గా చూసుకోలేదు, తప్పు నాది అని చెప్పారు. ఆవిడ తప్పు ఏముంది అందులో? ఆ మాటతో నా ఉద్యోగం నిలబడింది. ఆ సాయంత్రం నుంచి ఏది పెట్టినా వేళ్ళు మడిచి లెక్కపెడుతూ మూడుసార్లు అడిగేవారు. నాకు నవ్వాగేది కాదు.

నేను పరీక్ష పాసయ్యాను. స్నేహితురాళ్ళిద్దరూ వచ్చారు, వాళ్ళ వెనక ఇంకొందరు. ఎనభైల్లో కొత్తవాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చే పని నాదైంది. ఒంగోలు నుంచి వచ్చిన ఒకమ్మాయి గుమ్మంలోనే మొదలెట్టింది.

“వద్దక్కా, ప్లేన్‌లోనే తినేశా.”

“ప్లేన్‌లో తిన్నది ప్లేన్‌లోనే అరిగిపోయుంటుందిలే. చేతులు కడుక్కో.”

మేడమ్ రిటైరై ఫ్లోరిడాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయేముందు నా అపార్ట్‌మెంట్‌కి భోజనానికి పిలిచాను. కారం తగ్గించి కోడికూర వండాను. ఆవిడ ఇష్టంగా తిన్నారు. ఇంకొంచెం వెయ్యనా మేడమ్ అన్నాను. చాలన్నారు. సరేనని కూర గిన్నె మీద మూత పెట్టి ఫ్రిజ్ దాకా తీసుకెళ్ళాను.

“ఒక్కసారే అడిగావు,” అన్నారు వెనక నుంచి.

ఫ్రిజ్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. గిన్నె వెనక్కి తెచ్చి రెండోసారి అడిగాను. ‘ఇప్పుడే తినొచ్చాను’ అన్నారు, అచ్చం మా అమ్మ నేర్పినట్టే. మూడోసారి అడక్కుండానే వడ్డించాను.