కెప్టెన్‌కి నచ్చని ఓడలు

కెప్టెన్‌కి ఏ ఓడా నచ్చేది కాదు. ఆయన నిజం కెప్టెన్ కాదు, ఫ్రిజ్ మెకానిక్. ఓడ మెట్టు మీద జన్మలో కాలు పెట్టిన మనిషీ కాదు. ఎక్కకుండానే వంక పెట్టి వద్దన్న ఓడలన్నిటినీ తెచ్చి వరసగా నిలబెడితే మాత్రం రేవులో నీళ్లు కనపడేవి కావు. అందుకే వీధి వీధంతా ఆయన్ని కెప్టెన్ అని పిలిచేది. కట్టుకున్న భార్య కూడా, ఆయన వినకుండా, అలాగే అనేది.

శనివారం మధ్యాహ్నం కొట్టు మూసి ట్రావెల్ ఆఫీసుకు వెళ్లేవాడు. సాయంత్రానికి చంకలో రంగురంగుల పుస్తకాల కట్టతో ఇంటికి వచ్చేవాడు. పిల్లనిచ్చేవాళ్లు కుర్రాణ్ణి ఎంచినట్టు ఆయన ఓడని ఎంచేవాడు. ముందు ఎత్తూ లావూ, తర్వాత నడవడి, ఆఖర్న వంక.

ఒక ఓడలో ఈత కొలనులు, సినిమా హాళ్లు, బట్టల కొట్లు ఉన్నాయి. అది ఓడ కాదు బజారు, బజారు మన వీధి చివరే ఉందిగా అన్నాడు. ఇంకోదానికి కెప్టెన్ ఫోటో వేశారు. అతను పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. మనుషుల్ని సముద్రం దాటించేవాడు అంతలా నవ్వకూడదట. మరోదానికి ఏదో ఫ్రిజ్ కంపెనీ పేరే పెట్టారు. "ఆ పేరున్నవి ఎన్ని విప్పానో నాకు తెలుసు. నడిసముద్రంలో కంప్రెసర్ పోతే ఎవరొస్తారోయ్? తిరిగి నేనే దిగాలి" అని పుస్తకం మూసేశాడు.

ఇన్ని వంకలు పెట్టే మనిషికి కావలసింది చూస్తే ఒక్కటే. భూమికి అట్టడుగున, మనుషులు కాపురం ఉండని చోట, మంచు. అక్కడికి పెద్ద ఓడలు వెళ్లినా జనాన్ని దింపలేవని, చిన్న ఓడ అయితే రబ్బరు పడవల్లో కొద్దికొద్దిమందిని ఒడ్డుకు చేరుస్తుందని, ఎవరి ఫ్రిజ్‌లో తల పెడితే వాళ్లకి లోపల్నుంచే చెప్పేవాడు. గది ఎంచుకునేవాళ్లు పైఅంతస్తు కిటికీకి ఆశపడకూడదని, ఓడకి నడిమధ్య, కింది అంతస్తులో తీసుకుంటే ఊపు తక్కువని కూడా చెప్పేవాడు. ఫ్రిజ్ బాగుపడిందా అని అడిగితే, అదీ పడిందనేవాడు.

ఎందుకండీ అంత మంచు పిచ్చి అని భార్య ఒకసారి అడిగింది. ఆయన స్క్రూడ్రైవరు పక్కన పెట్టి ఆలోచించాడు.

"మంచు పేరుకుపోయిందనే కదోయ్ నన్ను అందరూ పిలుస్తారు. జీవితమంతా గోకుతూనే ఉన్నాను. ఎవరూ గోకక్కర్లేని మంచు ఒక్కసారి చూడాలి."

ఆవిడ కడుపులో మాత్రం ఒక రహస్యం ఉంది. ఆవిడకి నీళ్ల మీద ప్రయాణం పడదు. నీళ్ల దాకా ఎందుకు, బస్సు మలుపు తిరిగితే ఆవిడ తల ఇంకో రెండు మలుపులు ఎక్కువ తిరిగేది. పెళ్లైన కొత్తలో రేవులో సరదా పడవ ఎక్కించాడు ఆయన. పడవ కదలగానే ఆవిడ ముఖం పాలిపోయి, ఒడ్డుకు వచ్చేసరికి నిలబడలేకపోయింది. కొత్త మొగుడి ముందు నామోషీ అనిపించి, ఎండ దెబ్బ అని చెప్పింది. ఆ రోజు పొద్దుటినుంచీ మబ్బు. ఆయన ఆకాశం వంక ఒకసారి చూసి, "మబ్బులో ఎండ కనపడదు గానీ, గట్టిగానే కొడుతుంది" అని సోడా తెచ్చిచ్చాడు. నమ్మాడు కదా అని ఆవిడ ఊపిరి పీల్చుకుంది. ఆ అబద్ధాన్ని అప్పటినుంచీ మడత నలగకుండా కాపాడుకుంటూ వచ్చింది.

తనకి పడదని చెబితే ఆయన ఆ పుస్తకాలు మళ్లీ ముట్టడు. పుస్తకాలు లేని శనివారం ఆయన ముఖం ఎలా ఉంటుందో ఊహించుకోవడానికే ఆవిడకి భయంగా ఉండేది. అందుకని ఆయన ఓడ దొరికిందన్నప్పుడల్లా ఆవిడ పెట్టె సర్దేది. ఉన్ని బట్టలు మడతపెడుతూ లోపల వణికేది. సరిగ్గా పేర్లు రాయించాల్సిన రోజున ఆయన ఉసూరుమంటూ వచ్చి ఏదో వంక చెప్పేవాడు.

"అయ్యో, ఎంత ఆశపడ్డానండీ" అనేది ఆవిడ. ఆ తర్వాత కూనిరాగం తీస్తూ పెట్టె ఖాళీ చేసి, ఆ పూట ఏదైనా తీపి వండేది. తన మొగుడి నస తనని కాపాడుతోందని దేవుడికి దండం పెట్టుకునేది.

ఈలోగా కెప్టెన్ ఇంట్లోనే ప్రయాణం మొదలుపెట్టేశాడు. ఆ మంచు నేల మీద బయటి గింజ ఒక్కటి కూడా రాలకూడదని, దిగేముందు బూట్లు కడిగి, జేబుల్లో దుమ్ము కూడా గొట్టంతో పీల్చేస్తారని చదివాడు. అప్పట్నుంచీ ఇంటికి ఎవరొచ్చినా గుమ్మంలోనే బ్రష్ అందించేవాడు. ఆవిడ చెల్లెలు ఒకసారి ఆదరాబాదరాగా వస్తే, సంచి అంచులు దులిపిందాకా లోపలికి రానివ్వలేదు.

"బావగారూ, నేను మా అక్కని చూడ్డానికొచ్చాను. దక్షిణ ధ్రువానికి కాదు" అంది ఆ చెల్లెలు.

"అలవాటు ఇక్కడే అవ్వాలమ్మా. అక్కడికెళ్లాక నేర్చుకుంటే గింజ ఊరుకుంటుందా?"

పెంగ్విన్ ఎదురొస్తే మనిషే ఆగి దారివ్వాలట. పెంగ్విన్లు లేని లోటు మా వీధి పావురాలు తీర్చాయి. పనిముట్ల సంచి భుజాన వేసుకుని, పావురం రోడ్డు దాటేదాకా ఆయన నిలబడిపోయేవాడు. వెనక స్కూటర్ల వాళ్లు హారన్ కొట్టి, కెప్టెన్ అని తెలిశాక ఇంజను ఆపి కూర్చునేవాళ్లు. పావురాలు కూడా మనిషి మెతక అని కనిపెట్టి, ఆయన్ని చూస్తే నడక తగ్గించేవి.

ఇలా ఉండగా ఒక ఓడ వచ్చింది. చిన్నది. నడిమధ్యన కింది అంతస్తులో గది ఖాళీ ఉంది. కెప్టెన్ ఫోటోలో నవ్వట్లేదు, ఏడవట్లేదు. ఆయన వారం పది రోజులు ఆ పుస్తకాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, వంక దొరక్క కంగారుపడ్డాడు. అన్నం తింటూ, "దీనికి ఏ లోపమూ లేదోయ్" అన్నాడు, ఏదో పోగొట్టుకున్నవాడిలా.

ఆయన జుట్టు అప్పటికి తెల్లబడింది. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఇక ఈసారి ఎలాగైనా తీసుకెళ్లి తీరాలని ఆవిడ గట్టిగా అనుకుంది. ఆయనకి తెలియకుండా డాక్టరు దగ్గరికి వెళ్లింది. డాక్టరు మాత్రలు రాసి, చెవి వెనక అంటించుకునే బిళ్లలుంటాయని చెప్పి, కొందరికి ఊగడం అలవాటు చేసుకున్నా కొంత తగ్గుతుందన్నాడు. ఊగడానికి ఆవిడకి దొరికింది ఒక్కటే. పార్కులో పిల్లల ఉయ్యాల.

పిల్లలు బడికి వెళ్లిన వేళ చూసుకుని ఆవిడ పార్కుకు వెళ్లేది. కొంగు నడుముకి చుట్టి, గొలుసులు పట్టుకుని, కళ్లు మూసుకోకుండా ఊగేది. మొదట్లో నాలుగు ఊపులకే దిగి, చెట్టుని కావలించుకుని నిలబడేది. పార్కు తోటమాలి దూరంనుంచి చూసి, ఈవిడకి ఇంట్లో ఏం కష్టమొచ్చిందో అని తల అటు తిప్పుకునేవాడు. ఆవిడ మానలేదు. రోజూ ఒక ఊపు ఎక్కువ. పోనుపోను ఇంటికి గోడ పట్టుకోకుండా రాగలిగింది. ఒకరోజు ఉయ్యాల దిగి, ఆకలేస్తోందని తెలిసి ఆశ్చర్యపోయింది.

ఆ సంతోషంతో ఆవిడ ఇంటికొచ్చి పెట్టె సర్దింది. మొదటిసారి చేతులు వణకలేదు. సాయంత్రం ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

"ఆ ఓడ వద్దులేవోయ్."

"ఏమైందండీ? లోపం లేదన్నారుగా?"

"టీ కప్పులకి సాసర్లు లేవుట."

ఆవిడ చేతిలోని ఉన్ని శాలువా జారి కింద పడింది. ఇన్నేళ్లూ నటించిన నిరాశ ఆ రోజు నిజంగా వచ్చింది. పార్కు సంగతి చెప్పడానికి నోరు తెరిచి, మరీ ఇంత చిన్న వంకకి తన కష్టమంతా పోయిందే అనే ఉక్రోషంతో మూసుకుంది.

"ఈ జన్మకి మీకు ఓడ నచ్చదు" అని మాత్రం అంది.

ఆయన నవ్వి, కింద పడిన శాలువా తీసి దులిపి, మడతపెట్టి ఇచ్చాడు. ఆ పూట ఇంట్లో తీపి లేదు. ఆ చలికాలమే ఒక పొద్దున కొట్టు తాళం తీస్తూ తీస్తూ ఆయన గుమ్మంలో కూర్చుండిపోయాడు. మళ్లీ లేవలేదు.

ఆయన పోయాక పుస్తకాల కట్టలు అలాగే ఉన్నాయి. వాటిలో ట్రావెల్ ఆఫీసు గోడకి తగిలించే పెద్ద పటం ఒకటి కనిపించింది. ఎప్పుడో అరువు తెచ్చుకుని మరిచిపోయినట్టున్నాడు. ఒకరి వస్తువు మనింట్లో ఎందుకని ఆవిడ దాన్ని చుట్టి పట్టుకుని, ఆ ఆఫీసుకు మొదటిసారి వెళ్లింది. బల్ల వెనక కూర్చున్న అమ్మాయి పటాన్ని గుర్తుపట్టి, లేచి వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుంది. అంకుల్ లేకపోతే శనివారాలు గడవట్లేదంది.

ఆవిడకి ఊరుకోవాలనే ఉంది. కానీ ఆగలేకపోయింది. "ఆ సాసర్లు లేని ఓడ ఇంకా తిరుగుతోందా అమ్మా?"

ఆ అమ్మాయి తల దించుకుంది.

"సాసర్ల మాట నేను చెప్పిందే ఆంటీ. ఇద్దరం రోజుల తరబడి వెతికినా దానికి వంక దొరకలేదు."

ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ అమ్మాయి మెల్లగా చెప్పుకొచ్చింది. ప్రతి ఓడకీ అంతేనట. అంకుల్ ముందు ముచ్చటగా ఎంచుకునేవారట. పేర్లు రాయించే రోజున వచ్చి, మా ఆవిడకి నీళ్లు పడవు, ఇప్పుడు దీనికేదైనా లోపం చెప్పమ్మా అని కూర్చునేవారట. తనకి పడదని ఆవిడ ఒక్కసారి నోరు తెరిచి చెబితే, ఒడ్డున కూర్చుని చూసే ప్రయాణం ఏదైనా వెతుకుదాం అనేవారట. ఆఖరి ఓడ అప్పుడు మాత్రం, మా ఆవిడ హుషారుగా ఉంటోంది, ఈసారి నిజంగానే వస్తుందేమో అని ఆశపడి పేర్లు కూడా రాయించారట. అంతలో ఒకరోజు పార్కు పక్క మేడ మీద ఎవరింట్లోనో ఫ్రిజ్ బాగుచేస్తూ, వంటింటి కిటికీలోంచి కిందికి చూశారట.

"తడిచేతులతో అలాగే పరిగెత్తుకొచ్చారు ఆంటీ. మా ఆవిడ ఉయ్యాల మీద కూర్చుంది, ముఖం పసుపు ముద్దలా ఉంది, అయినా దిగట్లేదు, మా పేర్లు కొట్టేయమ్మా అన్నారు. ఆంటీతో మాట్లాడండి అంకుల్ అన్నాను. మాట్లాడితే తనవల్లే ఆగిపోయిందని జీవితాంతం కుమిలిపోతుంది, ఓడని తిడితే ఓడకేం బాధ అన్నారు."

ఆవిడ గోడ మీది ఓడల బొమ్మల వంక చూసింది. మబ్బు రోజున ఎండ దెబ్బని నమ్మే మనిషి ఎవరూ ఉండరని ఇంతకాలం తనకి తోచనందుకు నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో ఎక్కడో తడబడి, మళ్లీ నవ్వుగానే బయటికి వచ్చింది.

"ఆయన చూసింది మొదటి రోజుల్లో అమ్మా" అంది. "ఇంకొన్నాళ్లు ఆగి చూసుంటే, నేను నిలబడి ఊగేదాన్ని."

ఆవిడ తను తెచ్చిన పటాన్ని బల్ల మీద పరిచి, కింది అంచున తెల్లగా ఉన్న చోట వేలు పెట్టి, ఒక్క మనిషికి గది ఇస్తారా అని అడిగింది.

చెల్లెలు గోల పెట్టింది. ఒక్కదానివీ అంత దూరమా అక్కా, నీకు పిచ్చా అంది. ఈ పిచ్చి నాది కాదే, మీ బావగారిది అని ఆవిడ చెవి వెనక బిళ్ల అంటించుకుంది.

ఓడ నడిసముద్రానికి చేరేసరికి అలలు మేడలంత లేచాయి. రేపటికి మంచు కనపడుతుందని మైకులో చెప్పారు. భోజనాల హాలు ఖాళీ అయిపోయింది. వంటవాళ్లలోనే కొందరు పడకేశారట. ఆవిడ బల్ల అంచు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో కడుపునిండా తింటోంది. తనకే నమ్మకం కుదరడం లేదు. సముద్రం పుస్తకాల్లో మాత్రమే తెలిసిన మనిషి కెప్టెన్. ఈ ఊపుకి ఆయనే ముందు పడిపోయేవాడని, తను బకెట్టు పట్టుకుని తల నిమరాల్సి వచ్చేదని ఆవిడకి ఖాయంగా తోచింది. ఆ చాకిరీ తనకి దక్కలేదే అనుకుంటూ ఇంకో చెంచా నోట్లో పెట్టుకుంది.

ఎదుటి బల్ల దగ్గర ఒక నడివయసు తెలుగు జంట మిగిలి ఉంది. మొగుడి ముఖం పాలిపోయి ఉంది. పెళ్లాం ముఖం అంతకన్నా. ప్లేట్లలో తిండి ముట్టలేదు.

"నీకేం లేదు కదా?" అంటున్నాడు అతను.

"నాకేముంటుంది? మీకోసమే కూర్చున్నాను."

"నేనూ నీకోసమే. నాకైతే బ్రహ్మాండంగా ఉంది."

ఆవిడ చెంచా కింద పెట్టి, లేచి, కుర్చీలు పట్టుకుంటూ వాళ్ల దగ్గరికి నడిచింది.

"బాబూ, అమ్మా, మీ ఇద్దరికీ బాగాలేదు" అంది. "ఆ మాట ఒకరితో ఒకరు చెప్పుకుని వెళ్లి పడుకోండి."

వాళ్లు ఆవిడ వంకా, ఒకరి వంక ఒకరూ చూసుకున్నారు. ముందు ఆమె ఒప్పుకుంది. ఆ వెంటనే అతను, పోటీ పడ్డట్టు, నీకంటే నాకే ఎక్కువగా ఉందన్నాడు. ఇద్దరూ కమ్మీ పట్టుకుని, నవ్వుకుంటూ, తూలుకుంటూ గదివైపు వెళ్లిపోయారు.

ఆవిడ వాళ్లు కనుమరుగయ్యేదాకా చూసి, వాళ్ల కుర్చీలోనే కూర్చుని, ముట్టని ప్లేటు ఒకటి తన ముందుకు జరుపుకుంది.