కాన్వాయ్‌లో ముందు లారీ

ఆస్లాక్ ఇరవై ఆరేళ్లు మా కనుమ దారిలో మంచు తోసే లారీ నడిపాడు. తుఫాను హెచ్చరిక వచ్చిన రోజు ఏ బండీ ఒంటరిగా కనుమ ఎక్కకూడదు. గేటు దగ్గర ఆగి, అతని లారీ వెనక వరసగా పోవాలి. ఆ గేటు పక్కనే నా కాఫీ కొట్టు. ముందు ఆస్లాక్ ఉన్నాడంటే చేపల లారీవాళ్లు నిశ్చింతగా రెండో కప్పు తాగేవాళ్లు. పెళ్లాం పిల్లలు లేని మనిషికి ఉన్నదల్లా ఆ ముందు చోటే.

నిరుటి శీతకాలం ఆ చోటు సున్నివాకి ఇచ్చారు. మా దేశపు దక్షిణం నుంచి వచ్చిన పిల్ల, ముప్ఫై ఒక్కేళ్లు. కొత్త లారీ, అందులో దారి చూపే కంప్యూటర్ తెర. ఆస్లాక్‌ని వరస చివర పెట్టారు.

"ఏం మామా, తోక పని బాగుందా?" అన్నాడొక డ్రైవరు.

సున్నివా కొట్లోకి వస్తే అందరూ జరిగి చోటిచ్చేవాళ్లు. అది చూసి ఆస్లాక్ సగం తిన్న వాఫుల్ వదిలేసి లేచిపోయేవాడు.

"వీడియో గేమ్ ఆడినట్టు నడుపుతుంది," అన్నాడు నాతో.

"నీకంటే భద్రంగానే నడుపుతోంది," అన్నాను. నాలుగు రోజులు నా గడప తొక్కలేదు.

ఫిబ్రవరిలో ఒక మంగళవారం, సరస్సు మలుపులో దారి అంచు చూపించే కర్రలు ఆరు మంచులో పడిపోయి ఉండటం ఆస్లాక్ చూశాడు. ఎవరికీ చెప్పలేదు. తెర ఉందిగా, వెతుక్కోనీ అనుకున్నాడట.

గురువారం పొద్దున తుఫాను హెచ్చరిక వచ్చింది. పద్నాలుగు బండ్లు, అందులో ఒక బస్సు. బయల్దేరే ముందు సున్నివా అతని కిటికీ తట్టింది.

"ఆస్లాక్ గారూ, పైన నాకు తెలియాల్సింది ఏమైనా ఉందా?"

"నీ తెరనడుగు."

సరస్సు మలుపు దగ్గర ఆమె తెర పనిచేయడం మానేసింది. బయట తెలుపు తప్ప ఏమీ లేదు. రేడియోలో ఆమె గొంతు వినిపించింది. "కర్రలు కనిపించడం లేదు. ఆగుతున్నాను."

"ఒక్క క్షణం హాయిగా అనిపించింది, గున్వోర్," అని ఆస్లాక్ తరవాత నాతో అన్నాడు. "దానికే భయపడ్డాను."

రేడియో అందుకున్నాడు. బండ్లన్నిటికీ వినిపించింది. "ఆరు కర్రలు పడిపోయాయి. మంగళవారమే చూశాను, చెప్పలేదు. నీ ఎడమ పక్క సరస్సు. కదలకు, వస్తున్నా."

తన లారీ అక్కడే ఆపి, నడుముకి తాడు కట్టుకుని ఒక్కో బండీ పట్టుకుంటూ ముందుకు నడిచాడు. ప్రతి కిటికీలోంచీ చూపులే. తర్వాత తాడు రెండో కొస సున్నివా లారీకి కట్టి, ఊతకర్రతో మంచు పొడుస్తూ, దాని ముందు అడుగులో అడుగేస్తూ నలభై నిమిషాలు దారి చూపించాడు. అందరూ అవతలికి చేరారు.

దిగాక సున్నివా అంది: "దారి మీకు తెలుసు, ఒప్పుకుంటాను. కానీ మిమ్మల్ని నమ్మలేను. రేపటినుంచి నా పక్కన కూర్చుని ప్రతి మలుపూ చెప్పండి."

రోడ్ల ఆఫీసుకి ఆస్లాక్ తనే వెళ్లి తప్పు చెప్పుకున్నాడు. రెండు వారాలు లారీ ముట్టనివ్వలేదు. ఆ రెండు వారాలూ ఆమె పక్క సీట్లో కూర్చుని చెప్పాడు.

ఆమె బల్ల దగ్గర నవ్వులు వినబడితే అతని చెవులు ఇప్పటికీ ఎర్రబడతాయి. ఏమిటని అడిగితే, "కుళ్లు," అంటాడు, కాఫీ కలుపుకుంటూ.