కోటు గుడ్డ అంచు

చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నంతసేపూ దర్జీ షాపు కటింగ్ మాస్టరుకు ఏ రోగమూ ఉండదు. చిక్కంతా అక్కడే వచ్చింది. కత్తెర అందుకుందామని అనుకున్నాడో లేదో, కుడిచెయ్యి ఎవరో గుంజినట్టు ఎగిరిపడుతుంది.

నిరుడు ఉబ్బసం ముదిరి ఆయన ఊపిరి ఆగిపోయింది. ఆసుపత్రివాళ్లు బతికించారు గానీ, మెదడుకు కాసేపు ప్రాణవాయువు అందలేదట. ఈ కుదుపులు అలా మిగిలాయి. "ఊరికే ఉంటే రావు, ఏదైనా చెయ్యబోతేనే వస్తాయి" అని డాక్టరు చెప్పాడు. ఆ ముక్క అదే షాపులో పనిచేసే బావమరిది చెవిన పడింది. ఇంకేం, వాడికి కావలసింది దొరికింది.

"కూర్చుంటే బాగుంటాడు, పనంటే ఎగిరిపడతాడు. అంత మంచి జబ్బు నాకూ ఇప్పించండ్రా!" అనేవాడు, మిషన్ల ముందున్న నలుగురికీ వినబడేలా. వాళ్లు పళ్లికిలించేవారు. అందరూ ఆయన దగ్గర సూదిలో దారం ఎక్కించడం నేర్చుకున్న ఘనులే. మాస్టరుకు ఒళ్లు మండిపోయేది. చెయ్యి పోతే పోయింది, పనిదొంగ అనిపించుకుని ఆ గుమ్మం ఎలా తొక్కాలి?

ఆ ఉదయం బావమరిది కోటు గుడ్డ బల్ల మీద పరిచి, పెద్ద కత్తెర ఆయన ముందుకు తోశాడు.

"కొయ్యి బావా. నీ నాటకమేదో ఇవాళ తేలిపోవాలి."

మిషన్లు ఆగాయి.

ఆ షాపులో కోటు గుడ్డ ఒక్కరే కోయరు. మాస్టరు కోస్తుంటే ఇంకొకరు కత్తెర మొనకు జానెడు దూరంలో అంచును అరచేత్తో నొక్కిపట్టాలి. పద్దెనిమిదేళ్లుగా నొక్కిపట్టింది ఈ బావమరిదే.

"అలాగే. అంచు పట్టుకోరా," అన్నాడు మాస్టరు.

వాడు అరచెయ్యి ఆనించాడు. మాస్టరు వేళ్లు కత్తెర వైపు జరిగాయి, ఇంకా దాన్ని తాకనైనా లేదు. వాడు చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"లాక్కున్నావేంరా? నాటకమేగా? పెట్టు చెయ్యి."

వాడు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"అంటే నీకు మొదట్నించీ తెలుసు," అన్నాడు మాస్టరు. కోపంగా కత్తెర అందుకోబోయాడు. ఇంతలో చెయ్యి ఎగిరి కత్తెరకు తగిలింది. అది వెళ్లి బావమరిది కాళ్ల దగ్గర పడింది.

"తియ్యి. ఎక్కడ కొయ్యాలో ఇక నేను చెప్తాను, నువ్వు కొయ్యి."

నలుగురూ చూస్తుండగా వాడు వంగి తీశాడు. మాస్టరు కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.