నిలవని జవాబు

హనోకు తండ్రి ఎర్రయ్య బోధన్‌లో చెరుకు బండ్లకు తాళ్లు బిగించేవాడు. "తాడుకు గుంజుడే ఎరుక బిడ్డా, నూకుడు రాదు," అనేవాడు. ఆ మాట కొడుక్కి నిజామాబాద్‌లో, కట్టడాల లెక్కలు చేసే ఆఫీసులో, కంప్యూటర్ ముందు పనికొచ్చింది.

2004లో మోస్రా దగ్గర ఆత్మారాం సేటు బీడీల షెడ్డుకు లెక్క కట్టాల్సి వచ్చింది. తలుపు ఉన్న గోడలో గాలికి ఆపుగా ఏటవాలు ఇనుప కడ్డీ ఒక్కటే ఉంది; రెండోది పెడితే తలుపుకు పూర్తిగా అడ్డం. ఒకవైపు గాలికి కడ్డీ గోడను గుంజి పట్టుకుంటుంది, రెండో వైపు గాలికి వదులైపోతుంది. అది లాగడానికే పనికొస్తుందని హనోకు కంప్యూటర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాడు. కంప్యూటర్ అదే లెక్కను మళ్లీ మళ్లీ చేస్తూ, ఒక చుట్టులో కడ్డీని తీసేసి, మరో చుట్టులో మళ్లీ పెట్టి, రెండు వందల చుట్లు తిరిగింది. జవాబు నిలవలేదు.

"ఎంత తేడా వస్తే ఒప్పుకోవాల్నో గండ్ల ఉంటది గద. పెంచు," అన్నాడు ఆఫీసు యజమాని రాజారాం. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. ఒక చుట్టు జవాబుకూ తర్వాతి చుట్టు జవాబుకూ మధ్య ఒప్పుకునే తేడా వెయ్యికి ఒకటి ఉంటే, హనోకు దాన్ని వందకు పది చేశాడు. జవాబు టక్కున వచ్చింది, కాగితాలు వెళ్లాయి, షెడ్డు లేచింది. మాట రాజారాంది, చెయ్యి మాత్రం హనోకుదే.

మరుసటి ఏడు అతని చెల్లెలు ఎల్లవ్వ ఆ షెడ్డులోనే బీడీలు చుట్టే పనికి కుదిరింది. ఎండాకాలం గాలిదుమారం లేచిన రోజు హనోకు పనిగట్టుకుని వెళ్లి కడ్డీ పట్టుకుని చూశాడు. చేతిలో ఊగింది. ఆ వైపు గాలికి గోడను ఆపేది ఏదీ లేదు.

నేరుగా ఆత్మారాం దగ్గరికి పోయాడు. "సేటూ, మా లెక్క తప్పు. కడ్డీ తీసి లావు పైపు పెట్టుండ్రి. పైపైతే గుంజుతది, నూకుతది."

వారంలో పైపు పడింది. ఆఫీసు పరువు తీశావని రాజారాం హనోకును పనిలోంచి తీసేశాడు.

ఆదివారం చర్చి నుంచి వస్తూ ఎల్లవ్వ నుదుటి మీద బొప్పి చూపించింది. "తలుపు కాడ పైపు పెట్టిండ్రన్నా, నెత్తికి తాకుతున్నది. కడ్డీ ఉన్నప్పుడు గింత పక్కకు నూకి పోతుంటిమి. ఎవడు పెట్టిచ్చిండో గని, వాని చెయ్యిరుగ!"

హనోకు ఆ బొప్పిని మెల్లగా నిమిరాడు. పని పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి.

"వంగి పో చెల్లె," అన్నాడు.