నిన్నటి పులుసుకు సున్నా

ఆ కోఆర్డినేటర్ మీద నాకు కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకోవాలన్న కోరికా లేదు. మనిషిని నేనెన్నడూ చూడలేదు. హైదరాబాదు నుంచి ఫోన్లో వినబడే మర్యాదైన గొంతు, అంతే. సర్ అనకుండా ఒక్క వాక్యం ముగించేవాడు కాదు. అంత మర్యాదగా ఒక వంటమనిషిని పొయ్యి దగ్గర నుంచి లేపేశాడు.

నా ఉద్యోగమంతా నెల్లూరులో ఒక దినపత్రిక డెస్కు మీద గడిచింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరాను. మామూలు గిరాకీలా హోటల్‌కి వెళ్ళి, తిని, ఇంటికొచ్చి వడ్డన ఎలా ఉంది, వంట ఎలా ఉంది అని రహస్యంగా రిపోర్టు పంపాలి. హోటల్ యజమానే ఒక ఏజెన్సీకి ఆ పని అప్పజెబుతాడు. లోపల పనిచేసేవాళ్ళకు మాత్రం ఎవరొచ్చారో తెలియదు. మిస్టరీ షాపర్ అంటారు. "మారువేషం వేసుకుని అన్నం తినడం కూడా ఒక ఉద్యోగమేనా?" అని మా ఆవిడ నవ్వింది. దంపతులు కలిసి వెళ్ళాలన్న షరతు చదివి వినిపించాక నవ్వు ఆపి చీర మార్చుకుంది.

ప్రతి పనికీ ముందు గైడ్‌లైన్స్ వచ్చేవి. ఏళ్ళ తరబడి ఇతరుల వాక్యాలు దిద్దినవాణ్ణి, వాటిని చదువుతుంటే నా చెయ్యి ఎర్ర పెన్ను కోసం వెతుక్కునేది. ఒకచోట సిబ్బందితో సహజంగా మాట్లాడండి అని ఉండేది. దాని కిందే అనవసరంగా మాట్లాడవద్దు అని. వంట ఎవరు చేశారో తెలుసుకోండి, కానీ వంటగది గురించి అడిగి అనుమానం రానివ్వకండి. ఏది పాటించాలి బాబూ అని అడిగితే "మీ డిస్క్రిషన్ సర్, మీకెలా తోస్తే అలా" అనేవాడు ఏజెన్సీ కోఆర్డినేటర్. రిపోర్టు వెళ్ళాక మాత్రం ఆ డిస్క్రిషన్ తప్పని తేలేది. అస్పష్టంగా రాయడం చేతగానితనం అని నేను చాలాకాలం అనుకున్నాను. కొందరికి అది దాక్కునే చోటని ఈ పనిలోనే తెలిసింది.

ఇందుకూరుపేట దాటి మైపాడు బీచ్‌కి పోయే దారిలో ఉన్న హోటల్‌కి ఒక ఆదివారం వెళ్ళాం. నెల్లూరులో పెద్ద హోటల్ నడిపేవాళ్ళదే, ఇది చిన్న శాఖ. చర్చి వదిలిన జనం పిల్లాపాపలతో బల్లలన్నీ ఆక్రమించుకుని ఉన్నారు. అందరూ పులుసు కోసమే వచ్చారు. వంటామె సముద్రం ఒడ్డు పల్లె మనిషి. శనివారం సాయంత్రం వంజరం చేపల పులుసు పెట్టి మూతేసి, మర్నాడు తను కూడా చర్చికి వెళ్ళొచ్చి వడ్డనకు పంపుతుంది.

మా ఆవిడది వాకాడు వైపు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"నిన్నటిది" అంది, బిరుదు ఇచ్చినట్టు.

వడ్డించే ఆయన పొంగిపోయాడు. "అవునమ్మా, నిన్న సాయంత్రం పెట్టింది. ఇవ్వాళ దించిన సట్టిని ఇవ్వాళ ముట్టుకోనీదు మా అక్క. గరిటె పెడితే గరిటెతోనే కొడతాది."

నెల్లూరు మనిషికి ఇది వివరించక్కర్లేదు. పులుసు ఒక రాత్రి నిలవాలి. పులుపు ముక్కలోకి దిగాలి, మామిడికాయ తన మొండితనం వదలాలి. మా అత్తగారింట్లో చేపల పులుసు పెట్టినరోజే తినాల్సి వస్తే, అనుకోని చుట్టాలొచ్చి కొంప ముంచారని చెప్పుకునేవారు.

ఇంటికొచ్చి ఫోన్లో రిపోర్టు నింపుతుంటే ఆ ప్రశ్న వచ్చింది. వడ్డించిన పదార్థం ఆ రోజే వండినదా? అవును, కాదు. మూడో దారి లేదు. కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను.

"ఇది చేపల పులుసు బాబూ. నిన్నటిది కావడమే దాని గొప్ప. ఏం పెట్టమంటావు?"

"ఆ రోజు వండారా సర్?"

"లేదు."

"అయితే కాదు అని పెట్టండి సర్. మీరు చెప్పేదంతా కింద రిమార్కుల్లో రాయండి. క్లయింట్ చదువుకుంటారు సర్."

రాశాను. నేను రాసిన మంచి పేరాల్లో అదొకటి. పులుసు ఎందుకు నిలవాలో, వాకాడు వైపు నుంచి వచ్చిన మా ఆవిడ దానికి ఎలా కితాబిచ్చిందో, ఆ వంటామెను హోటల్ ఎందుకు పోగొట్టుకోకూడదో రాశాను. పంపేసి నిద్రపోయాను.

కొన్ని వారాల తర్వాత, ఏ రిపోర్టూ లేకుండా, మా ఆవిడ అడిగిందని మళ్ళీ మైపాడు దారి పట్టాం. పులుసు వచ్చింది. మా ఆవిడ ఒక ముద్ద తిని గిన్నె పక్కకు జరిపింది. చింతపండు నీళ్ళలో చేప స్నానం చేసి లేచినట్టుంది.

"మీ అక్క లేదా?" అని వడ్డించే ఆయన్ని అడిగాను.

"ఉండాది సార్, దొడ్లో గిన్నెలు తోముతా ఉండాది. ఎవుడో పనికిమాలినోడు నిన్నటి కూర పెట్టినారని పైకి రాసినాడంట. పులుసుకి సున్నా ఏసినారు. పొయ్యి కాడికి రావద్దన్నారు. ఈ నెల చూసి పూర్తిగా తీసేస్తారంట." కాస్త వంగి గొంతు తగ్గించాడు. "ఆ రాసినోడి నోట్లో మన్ను పడ. తిన్నంత సేపూ లొట్టలేసుకోనే తినుంటాడు సార్."

నేను లొట్టలు వేసింది నిజమే. మా ఆవిడ నా వైపు చూడకుండా నీళ్ళు తాగింది.

కారులోంచే కోఆర్డినేటర్‌కి ఫోన్ చేశాను. నా రిమార్కులు ఏమయ్యాయని అడిగాను.

"లెంగ్తీగా ఉన్నాయి సర్. తీసేసి స్కోర్ ఒక్కటే పంపాం."

"ఆమె పొయ్యి పోయింది."

"అది క్లయింట్ డెసిషన్ సర్. మీరే కదా కాదు అని పెట్టారు."

ఉద్యోగంలో నేనూ ఎన్నో వార్తలు కత్తిరించాను. మనిషి బతుకు ఆధారపడిన వాక్యాన్ని మాత్రం కత్తిరించలేదు. ఆ రోజు దారి పొడవునా ఒక్కటే అనుకున్నాను. ఈ గొంతు సర్ అనడం మరిచిపోయే రోజు నేను చూడాలి.

తొందరపడలేదు. నెల్లూరులోని వాళ్ళ పెద్ద హోటల్ పని ఎప్పుడు వస్తుందా అని కనిపెట్టుకుని ఉన్నాను. ఆ నెలాఖరులోపే వచ్చింది. వెళ్ళేముందు చాలా వినయంగా మెసేజి పెట్టాను, ఆ రోజే వండినదా అన్న ప్రశ్న అన్ని పదార్థాలకూ వర్తిస్తుందా, మినహాయింపులు ఏమైనా ఉన్నాయా అని. వెంటనే జవాబొచ్చింది. అన్నిటికీ వర్తిస్తుంది సర్, నో ఎక్సెప్షన్.

ఆ జవాబు చూసుకుని కలిగిన ఆనందం, మొదటి పేజీలో నా పేరు పడ్డ రోజు కూడా కలగలేదు.

పొద్దున టిఫినుకి, మధ్యాహ్నం భోజనానికి వెళ్ళాం. సహజంగా మాట్లాడమన్నారు గనుక వడ్డించే కుర్రాణ్ణి సహజంగానే అడిగాను. ఇడ్లీ పిండి ఎప్పుడు రుబ్బినారు? "రాత్రే సార్. పులవకపోతే ఇడ్లీ ఎట్టా లేస్తాది?" పెరుగు? "రాత్రి తోడేసింది, గడ్డ చూడండి ఎట్టుందో." ఆవకాయ? "పోయిన ఎండాకాలంది సార్. ఇంకా రవ్వంత ఏసేదా?" కారప్పొడి, ఎండు చేప, గోంగూర పచ్చడి, ఒక్కొక్కటి అడిగి తెలుసుకున్నాను. అన్నిటికీ సంతోషంగా చెప్పాడు, రుచి తెలిసినవాణ్ణని ఇంకో వడ్డన కూడా చేశాడు. ఇంటికొచ్చి వరసగా కాదు, కాదు, కాదు అని నొక్కుకుంటూ పోయాను. తిన్నవాటిలో ఆ రోజు పరీక్ష నెగ్గినవి అన్నం, పప్పు, మంచినీళ్ళు. పెద్ద హోటల్‌కి సున్నాకి దగ్గర్లో మార్కులొచ్చాయి. రిమార్కుల గడి ఖాళీగా వదిలేశాను. లెంగ్తీ అయితే ఆయనకు ఇబ్బంది.

మర్నాడు పొద్దున్నే ఫోన్ మోగింది.

"ఏంటండీ ఇది! ఆవకాయకి కూడా కాదు అని పెట్టారు! ఓనర్ అరుస్తున్నారు!"

సర్ లేదు. చెవి దగ్గరే ఫోన్ పెట్టుకుని ఒక క్షణం ఆ లోటును అనుభవించాను.

"ఆవకాయ నిన్న పొద్దున పెట్టింది కాదు గదా నాయనా."

"కామన్‌సెన్స్ ఉండాలి కదండీ!"

"గైడ్‌లైన్స్ అంతా వెతికాను. ఆ మాట ఎక్కడా లేదు."

తర్వాత నా షరతు చెప్పాను. పులుసు రిపోర్టు నా రిమార్కులతో సహా ఓనర్‌కి వెళ్ళాలి. వాటిని తీసేసింది తనేనని రాసి పంపాలి. అది వెళ్ళాక, ఆవకాయకీ పెరుగుకీ నేను కూడా రిమార్కులు రాస్తాను. లేకపోతే నో ఎక్సెప్షన్ అన్న మెసేజిని ఓనర్‌కి నేనే పంపుతాను.

సాయంత్రానికల్లా పంపాడు. తన తప్పు ఒప్పుకుంటూ రాసిన ఆ నాలుగు వాక్యాల కాపీ నాకూ ఇమ్మన్నాను, ఇచ్చాడు. మనసు బాగోలేనప్పుడు ఇప్పటికీ తీసి చదువుకుంటాను. ఆ తర్వాత ఏజెన్సీ నన్ను మళ్ళీ పిలవలేదు.

ఇంకో ఆదివారం మైపాడు వెళ్ళాం. మా బల్ల దగ్గరకొచ్చిన వడ్డించే ఆయన ముఖం చూస్తే ఏదో తేడా. "అమ్మా, మీది వాకాడు పక్కనా?" అన్నాడు. మా ఆవిడ అవునంది. ఆయన లోపలికి పరిగెత్తాడు. నేను అంత ముచ్చటపడి రాసిన రిమార్కుల్ని మేనేజర్ వంటగదిలో అందరికీ చదివి వినిపించాడట. పట్టించింది నా పేరానే.

వంటగది తలుపు దగ్గర వంటామె కనిపించింది. చేతిలో మళ్ళీ గరిటె ఉంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది. థాంక్స్ చెప్పే చూపు కాదది.

రెండు గిన్నెలొచ్చాయి. మా ఆవిడ ముందు పెట్టిన దానిలో పులుసు ముదురెరుపుగా, పైన నూనె తేలి నిండుగా ఉంది. నా ముందు పెట్టింది లేతగా, పల్చగా, ఇంకా పొగలు కక్కుతోంది.

"అమ్మకి నిన్నటిది. సారుకి ఇప్పుడే దించింది" అన్నాడు ఆయన నేల చూపులు చూస్తూ. "సారుకి నిన్నటిది పడదు గదా, అట్టనే పెట్టమనింది అక్క. ఎప్పుడొచ్చినా ఇట్టనే పెట్టాలంట."

నేను చెయ్యి మా ఆవిడ గిన్నె వైపు చాచాను. ఆవిడ దాన్ని తన పక్కకు జరుపుకుంది.

"కాదు అని మీరే గదా నొక్కారు? తినండి."

తిన్నాను. మామిడికాయ ముక్క ఇంకా మొండిగానే ఉంది.