నేను ఆలస్యంగా పిలిచిన సాక్షి

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గు టబ్బులు నింపిన మనిషి. నేను నల్లకోటు వేసుకుని, పదేళ్లు ప్రాక్టీసు చేసి, ఆ బొగ్గుబెల్టులోనే ఒక కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్‌నయ్యాను. "మావోడు సర్కారు వకీలు" అని మా అమ్మ చర్చిలో అందరికీ చెప్పుకునేది. సర్కారు వకీలంటే పోలీసుల వకీలని ఊరంతా అనుకునేది. పోలీసులూ అదే అనుకునేవాళ్లు. నిజం చెప్పొద్దూ, కొన్నాళ్లు నేనూ అదే అనుకున్నాను.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి చాలా ముందు మాట. అడవి వైపు నక్సలైట్ల దళం, ఊరి వైపు పోలీసులు, మధ్యలో మా కాలనీలు. ఇన్‌ఫార్మరని వాళ్లు ఒకరిని చంపేవారు, దళానికి అన్నం పెట్టాడని వీళ్లు ఇంకొకరిని పట్టుకుపోయేవారు. ఆ ఏడు వానాకాలంలో అడవి రోడ్డు మీద మందుపాతర పేలి పోలీసు జీపు ఎగిరిపడింది. జీపు నడుపుతున్న హోంగార్డు అక్కడికక్కడే పోయాడు. ముప్పై ఏళ్లు కూడా లేవు. శవ పంచనామా కాగితాలు అన్నానికి కూర్చుని చదివి, తినకుండానే లేచాను. ఆ పని చేసినవాళ్ల మీద నాకు ఇవాళ్టికీ జాలి లేదు. ఈ ముక్క ముందే చెప్పాలి. తర్వాత చాలామంది నన్ను ఇంకోలా అనుకున్నారు.

పదిహేను రోజులకు ముద్దాయి దొరికాడన్నారు. సెంటినరీ కాలనీలో ఉండే షాట్‌ఫైరర్, అంటే గనిలో మందు దట్టించి బొగ్గు పేల్చేవాడు. గని నుంచి డిటోనేటర్లు దొంగిలించి దళానికి ఇచ్చాడట. గురువారం పొద్దున బస్టాండులో సంచితో దొరికాడట. పంచు సాక్షుల ముందు అంతా ఒప్పుకున్నాడట. చార్జిషీటు చదువుతుంటే ఎక్కడికక్కడ అతికినట్టుంది. సంచిలో దొరికిన వస్తువుల జాబితాలో చివరి లైను మాత్రం ఇలా ఉంది: "బ్యాటరీతో కూడిన తలదీపం ఒకటి, నంబరు గలది, రాత్రిపూట అడవిలో తిరుగుటకు ఉపయోగించునది."

నా చెయ్యి అక్కడ ఆగిపోయింది. గని పనివాళ్ల ఇంట్లో పుట్టనివాళ్లకు ఆ లైనులో తప్పేమీ కనిపించదు. కేసు గట్టిపడుతుందనే పోలీసులు దాన్ని రాశారు. గనిలోకి దిగేవాడు తన నంబరు బిళ్ళను ల్యాంప్ రూం కిటికీలో ఇచ్చి, అదే నంబరు దీపం తీసుకుంటాడు. పైకొచ్చాక దీపం ఇచ్చేసి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు అయిపోయి గంటయినా ఒక దీపం రాలేదంటే ఆ మనిషి ఇంకా లోపలే ఉన్నాడని లెక్క. వెతకడానికి వెంటనే మనుషులు దిగుతారు. మా నాన్న ఒకసారి తన అన్న చావు కబురు విని, దీపం నడుముకే ఉండగా ఊరికి పరుగెత్తాడు. రెండో షిఫ్టువాళ్లు ప్రాణాలకు తెగించి, కప్పు కూలిన చోట్లన్నీ ఆయన కోసం తిరిగారు. మా అమ్మ గని గేటు ముందు కూలబడి ఏడ్చింది. నాన్న తిరిగొచ్చాక వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడే గనికి వెళ్లాను. ల్యాంప్ రూం క్లర్కు మా నాన్నతోపాటు చర్చికి వచ్చే పెద్దమనిషి, నేను కాకా అని పిలిచేవాణ్ణి. నంబరు చెప్పగానే, రిజిస్టరు తెరవకముందే ఆయన మొహం మారిపోయింది. సోమవారం మొదటి షిఫ్టు పేజీలో, ఆ నంబరు ఎదురుగా, దీపం రాలేదని ఎర్రసిరాతో రాసి ఉంది. రెండో షిఫ్టులో ఆరుగురు దిగి వెతికారని, మనిషి కనబడలేదని దాని కింద షిఫ్టును చూసుకునే ఓవర్‌మన్ సంతకం.

"మనిషి పైకొచ్చిండు బిడ్డా. దీపం ఇయ్యనీకి నడిచొస్తుంటెనే పోలీసోళ్లు జీపుల ఏస్కపోయిండ్రట. చూసినోళ్లు భయానికి గప్పుడే చెప్పలే" అన్నాడు కాక.

అంటే సోమవారం మధ్యాహ్నం పట్టుకుని గురువారం పట్టుకున్నట్టు రాశారు. పట్టుకున్న మనిషిని ఇరవైనాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలన్నది లా కాలేజీ పిల్లలకు కూడా తెలుసు. ఆ మూడు రోజులు ఏ కాగితంలోనూ లేవు. అతను ఒప్పుకున్నదంతా ఆ మూడు రోజుల్లోదే.

సర్కిల్ ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించి అడిగాను. ఆయన తొణకలేదు.

"జీపుల సచ్చినోడు మనోడు సార్. దీపం సంగతి ఎవనికెర్క? గా లైను తీసేసి మళ్ల రాసిస్తం" అన్నాడు.

అప్పటికప్పుడు నేను వెళ్లి జడ్జిగారికి చెప్పాల్సింది. నేనన్నది ఒక్కటే మాట, "చూద్దాం."

ఆ చూద్దాం ఏడు నెలలు సాగింది. ఎందుకు సాగిందో నాకు బాగా తెలుసు. భయం. నోరు తెరిస్తే దళం మనిషినని నా మీద ముద్ర పడుతుందని భయం. కేసు పోతే చనిపోయినవాడికి అన్యాయం చేసినవాణ్ణవుతానని ఇంకో సాకు. పోలీసులే తప్పు దిద్దుకుని మళ్లీ దర్యాప్తు చేస్తారని కూడా నాకు నేనే చెప్పుకున్నాను. ఇంత చదువు చదివి అలాంటి మాట ఎలా నమ్మానో తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఈ మధ్యలో రెండుసార్లు అతని బెయిలు దరఖాస్తు వచ్చింది. రెండుసార్లూ నేనే లేచి, నేరం తీవ్రమైనదని వాదించి, కొట్టేయించాను.

ప్రతి వాయిదాకూ హోంగార్డు భార్య నస్పూర్ నుంచి వచ్చేది. భర్త పోయాక అక్కడే తమ్ముడి క్వార్టరులో ఉంటోంది. వరండా బెంచీకి ఈ చివర ఆమె, ఆ చివర షాట్‌ఫైరర్ భార్య. హోంగార్డు భార్య అవతలామెను, ఆమె కడుపున పుట్టినవాళ్లను కలిపి శాపనార్థాలు పెట్టేది. అవతలామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వినేది. నేను ఫైళ్లు చంకన పెట్టుకుని వాళ్లిద్దరి ముందునుంచే లోపలికి వెళ్లేవాణ్ణి.

ఒక వాయిదా నాడు ముద్దాయి ఏదో కాగితం మీద సంతకం పెట్టాల్సి వచ్చింది. పెన్ను మూడుసార్లు జారిపోయింది. నాటకాలాడుతున్నాడని ఎస్కార్టు కానిస్టేబుల్ కసురుకున్నాడు. చివరికి వేలిముద్ర వేయించారు. రోజూ డిటోనేటర్ తీగలు కలిపే మనిషికి వేళ్లు వంగడం లేదు. నాకు సిగ్గేసింది. ఇంకేదో పెద్ద ధైర్యం వచ్చిందని గొప్పలు చెప్పను. సిగ్గే. ఆ సాయంత్రమే ల్యాంప్ రూం క్లర్కును రిజిస్టరుతో సహా ప్రాసిక్యూషన్ సాక్షిగా పిలవాలని దరఖాస్తు రాశాను.

దీంతో నా కేసును నేనే పడగొట్టుకుంటున్నానని తెలుసా అని జడ్జిగారు అడిగారు. తెలుసండీ అన్నాను. నిజాన్ని కోర్టు ముందు పెట్టడమే నా పని, శిక్ష వేయించడం కాదు అని కూడా అన్నాను. మాట బాగానే ఉంది. ఏడు నెలల కింద అని ఉంటే ఇంకా బాగుండేది.

కాక బోనెక్కి ఎర్రసిరా పేజీ చూపించి, ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఇన్‌స్పెక్టర్ నావైపు చూసిన చూపు మరిచిపోలేను. డిఫెన్సు లాయరు కుర్రవాడే గానీ తెలివైనవాడు. లేచి ఒక్కటే అడిగాడు: ఈ పుస్తకాన్ని ఇంతకుముందు ఎవరైనా చూశారా?

కాక నావైపు చూశాడు. ప్రమాణం చేసి అబద్ధం చెప్పే మనిషి కాదు.

"ఈ సారే వచ్చి చూసిండు. ఏడు నెలలాయె" అన్నాడు.

జడ్జిగారు దాన్ని తన చేత్తోనే రాసుకున్నారు.

షాట్‌ఫైరర్‌ను నిర్దోషి అని వదిలేశారు. తర్వాత పనిలోకి వెళ్లాడు, గనిలోకి కాదు. ఆ చేతులతో మందు దట్టించడం కుదరదన్నారు. పైన ఏదో చిన్నపని ఇచ్చారని విన్నాను. నేను అతన్ని కలవడానికి వెళ్లలేదు. వెళ్లి ఏం చెప్పను?

తీర్పు రోజున వరండాలో హోంగార్డు భార్య నన్ను ఆపింది. తిడుతుందనుకున్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"ఈయన కాదని మీకు గప్పుడే ఎర్కనట గదా సారూ. నేను గామెను ఏడు నెలలు నోటికొచ్చినట్టు తిట్టిన. మీరు ఇనుకుంటనే పోయిండ్రు" అంది. మళ్లీ తనే అడిగింది. "మరి మా ఆయన్ను సంపినోని ఎన్క ఈ ఏడు నెలలు ఎవలన్న పడ్డరా?"

దొంగ దొరికాడని రాసుకున్నాక దొంగ కోసం ఎవరు తిరుగుతారు? అడవి రోడ్డు మీద దొరికి ఉండే ఆనవాళ్లు ఈపాటికి వానల్లో కొట్టుకుపోయాయి. ఆ సంగతి ఆమెకన్నా నాకే బాగా తెలుసు.

ఎవరూ పడలేదమ్మా అన్నాను. ఆ ఒక్క జవాబు మాత్రం ఆమెకు ఆలస్యం చేయకుండా ఇచ్చాను.