చీమ తీసేసిన తనిఖీ

మీరు చీమని ఒక్కసారైనా కలిసి తీరాలి. అసలు పేరు వేరే ఉంది, ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. ఏ మూల ఫోల్డరూ వదలకుండా దూరి చూసొస్తుందని అన్నయ్య పెట్టిన పేరది. అన్నయ్యంటే పిన్ని కొడుకు. ఆమెకి సీ భాషలో ప్రోగ్రాములు రాయడం నేర్పిందీ, ఈ ఉద్యోగం ఇప్పించిందీ అతనే. ఇద్దరివీ పక్కపక్క కుర్చీలు. పిన్ని ఇద్దరికీ కలిపి ఒకటే అన్నం డబ్బా సర్దేది.

వాళ్ల కంపెనీ కమాండ్ లైన్‌లో, అంటే ఆదేశం టైప్ చేస్తే నడిచే చిన్న టూల్స్ చేస్తుంది. ఒకటి ఫోల్డర్ల సైజు లెక్కేస్తుంది, ఇంకోటి పాత ఫైళ్లు తుడిచేస్తుంది. రెండింట్లోనూ ఒకే తీరు ఫంక్షన్: లోపల ఇంకో ఫోల్డర్ కనిపిస్తే తనని తానే మళ్లీ పిలుచుకుని అందులోకీ దిగుతుంది. ఒకే పనికి రెండు చోట్ల కోడ్ ఉండటం చీమకి పంటికింద రాయిలా ఉండేది. రెండూ కలిపి ఒకటే ఫంక్షన్ రాసేసి తెగ మురిసిపోయింది.

ఒక్క తేడా మాత్రం మర్చిపోలేదు. సైజు లెక్కేసేది, వేరే ఫోల్డర్‌కి దారి చూపే షార్ట్‌కట్ కనబడితే దాని వెంట అవతలి ఫోల్డర్‌కీ వెళ్లొచ్చు. తుడిచేసేది వెళ్లకూడదు, వెళ్తే పరాయి ఇల్లు ఊడ్చేసినట్టే. అందుకని తుడిచేటప్పుడు షార్ట్‌కట్ ఎదురైతే అక్కడే ఆగిపోయేలా ఓ తనిఖీ పెట్టింది.

అన్నయ్య తొంగిచూశాడు. "తీసెయ్ చీమా, ఊరికే బరువు. నేను పరీక్షించానుగా, పూచీ నాది."

తీసేసింది.

మొదటి వారంలోనే ఆ టూల్ ఓ షార్ట్‌కట్ పట్టుకుని డిజైన్ వాళ్ల ఫోల్డర్లో దూరి, నెలల తరబడి వేసిన బొమ్మలన్నీ తుడిచిపెట్టేసింది. బ్యాకప్ నుంచి సగమే వెనక్కొచ్చాయి. మేనేజర్ ఇద్దర్నీ పిలిచి, తనిఖీ ఎవరు తీయమన్నారని అడిగాడు. చీమ అన్నయ్య వైపు చూసింది. అతను కాఫీ కప్పు అంచు తుడుస్తున్నాడు.

"నేను పైపైన చూశానండీ. తనకి కొంచెం తొందరెక్కువ."

ఇంకో తప్పు జరిగితే ఉద్యోగం ఉండదని మేనేజర్ తేల్చేశాడు. వరండాలో అన్నయ్యని నిలదీసింది. "నువ్వే కదా తీయమన్నది?"

"చిన్నదానివి, నీకు తిట్లతో పోతుంది. నాకు ప్రమోషన్ దగ్గర పడింది కదే. అమ్మకి చెప్పకు."

మధ్యాహ్నం డబ్బా విప్పి, ఏమీ జరగనట్టే ఆమె వాటా మూతలో పెట్టి ముందుకు జరిపాడు. ఆమె మూతని తిరిగి అతని వైపే నెట్టేసింది.

కొన్నాళ్లకి అతనే మళ్లీ వచ్చాడు, ఫోల్డర్లు కాపీ చేసే సొంత టూల్‌తో. చీమ ఫంక్షన్నే వాడుకున్నాడు. రేపు కస్టమర్లకి వెళ్తోందట, ఓసారి చూసిపెట్టమన్నాడు.

ఒక్క చూపుకే తెలిసిపోయింది. ఇందులోనూ తనిఖీ లేదు. ఏ షార్ట్‌కట్టయినా తన పై ఫోల్డర్నే చూపించిందా, కాపీలో కాపీ చేసుకుంటూ డిస్క్ నిండేదాకా తిరుగుతూనే ఉంటుంది. ఈసారి కోడ్ మొత్తం అన్నయ్యదే, సంతకం కూడా అతనిదే.

"బాగానే ఉందిగా చీమా?" అన్నాడు, ఆమె కుర్చీ మీద చెయ్యేసి.

అవునంటే చాలు, ఈసారి దొరికిపోయేది అతనే. చీమ ఇంకా స్క్రీన్ వైపే చూస్తోంది. మీరైతే ఏమనేవారు?